పాత చిమ్నీలో కొత్త పొయ్యి

పొయ్యి అమ్మేవాళ్ళు వేడి గురించి ఎంతసేపైనా చెప్తారు. పొగ గురించి ఒక్క మాట చెప్పరు. నా ఉద్యోగ జీవితంలో చివరి భాగమంతా ఆ చెప్పని మాట చుట్టూనే తిరిగింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అడుగుతుంటారు, "సార్, పాత బంగళా ఫైర్‌ప్లేస్‌కి కట్టెల స్టవ్ బిగించడం అంత పెద్ద విద్యా?" అని. విద్య పెద్దదేమీ కాదు. తెలిసినవాడి పక్కన ఒక మధ్యాహ్నం కూర్చుంటే వచ్చేస్తుంది. ఆ మధ్యాహ్నం కూడా ఖర్చు పెట్టకుండా మనుషుల ఇళ్ళలోకి నిప్పు మోసుకెళ్ళేవాళ్ళని చూస్తే నాకు ఈ వయసులోనూ ఒళ్ళు మండుతుంది.

నాకు వచ్చిన ప్రమోషన్ల గురించి రాయను. రాకుండా పోయినవాటి గురించీ రాయను. ఒక ఇంటి గురించి, ఆ ఇంట్లో తాను చచ్చిపోతున్నానని నమ్మిన ఒక మనిషి గురించి రాస్తాను. అది చదివితే మిగతాదంతా మీకే అర్థమవుతుంది.

గాలి సార్

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో గనులు నడిచినన్నాళ్ళు నేను వెంటిలేషన్ సెక్షన్‌లో పనిచేశాను. భూమి లోపల అంత లోతులో పనిచేసేవాళ్ళకు మంచి గాలి అందేలా, చెడ్డ గాలి బయటికి పోయేలా చూడటం మా పని. అందుకే కార్మికులు నన్ను "గాలి సార్" అని పిలిచేవాళ్ళు. మొదట్లో ఉడుక్కునేవాణ్ణి. తరువాత అదే నా పేరైపోయింది.

మా పై అధికారి ఒకాయన ఉండేవాడు. మహా కోపిష్టి. తిట్లు పడకుండా ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు లేడు. కానీ ఆయన నేర్పిన ఒక్క విషయంతో నేను బతికాను. "గాలి లోపలికి ఎట్లా వస్తాదని అందరూ చూస్తారు. నువ్వు బయటికి ఎట్లా పోతాదో చూడు. పోయే దారి లేనిచోట వచ్చే గాలి గాలే కాదు" అనేవాడు. జేబులో ఎప్పుడూ ఊదుబత్తి కట్ట ఉండేది. దేవుడి కోసం కాదు. సొరంగం మూల మూలలా ఒకటి వెలిగించి పట్టుకుని, దాని పొగ ఎటు వంగుతుందో చూసేవాడు. "యంత్రం అబద్ధం చెప్పినా ఇది చెప్పదు" అనేవాడు.

గనులు మూసేశాక మాలో కొందరు బస్సెక్కి బెంగళూరు పోయి సెక్యూరిటీ గార్డులయ్యారు. కొందరు కోలారు పక్కనున్న నరసాపురం ఫ్యాక్టరీల్లో చేరారు. నాకు బెంగళూరులో కట్టెల స్టవ్‌లు అమ్మే ఒక కంపెనీలో సైట్ ఇంజినీరు ఉద్యోగం దొరికింది. బిగించేది బయటి పనివాళ్ళు, ఫిర్యాదు వస్తే పోయి చూడటం నా పని. మా గనుల ఊళ్ళో దొరల కాలంనాటి బంగళాలు ఎన్నో ఉన్నాయి. ప్రతి హాల్లోనూ ఇటుకతో కట్టిన ఫైర్‌ప్లేస్, దాని మీద పెద్ద చిమ్నీ. పాత రోజుల్లోలాగా అందులో బాహాటంగా మంట వేస్తే వేడి సగానికి పైగా ఆకాశంలోకి పోతుంది, పొగ ఇంట్లో తిరుగుతుంది. దాని బదులు గాజు తలుపున్న ఇనుప స్టవ్ పెట్టుకుంటే కట్టెలు తక్కువ, వెచ్చదనం ఎక్కువ. ఇదంతా నిజమే. స్టవ్ మంచిదే. అసలు ప్రశ్న, దాని పొగను ఆ పాత చిమ్నీలోకి ఎట్లా కలుపుతావు అన్నది.

గోడ మీద మరక

ఆ చలికాలం ఒక ఫిర్యాదు వచ్చింది. శైలజ అనే ఆవిడ కోలారు కాలేజీలో లెక్చరర్. మా ఊళ్ళో ఒక పాత బంగళాలో సగభాగం అద్దెకు తీసుకుని అమ్మానాన్నలతో ఉంటోంది. స్టవ్ పెట్టించాక హాలు గోడ మీద కాఫీ డికాక్షన్ రంగులో మరక దిగుతోందట. సున్నం కొట్టించినా మళ్ళీ వస్తోందట. "పోయి పెయింటర్ నంబరు ఇచ్చి రండి" అన్నాడు మా మేనేజర్.

తలుపు తీసింది శైలజ వాళ్ళమ్మ రాజమ్మ. ముఖం పీక్కుపోయి ఉంది. నుదుటికి గట్టిగా గుడ్డ కట్టుకుంది. లోపల స్టవ్ పక్కనే వాలుకుర్చీలో దుప్పటి కప్పుకుని ఒక మనిషి పడుకుని ఉన్నాడు. దగ్గరికి వెళ్ళేదాకా గుర్తుపట్టలేకపోయాను. మునుస్వామి! గనిలో ఫోర్‌మన్‌గా చేసినవాడు. గనిలోకి దింపే కేజ్ అనే ఇనుప లిఫ్టులో కిందికి దిగేటప్పుడు అతని గొంతు విని షిఫ్ట్ మొత్తం సర్దుకుని నిలబడేది. ఆ గొంతు ఇప్పుడు గొణుగుడులాగా వచ్చింది.

"గాలి సారా? రాప్పా. కూర్చో."

"ఏమైందప్పా మునుస్వామీ?"

"ఏముండాది. గని దుమ్ము. లోపల ఉండేది ఇప్పుడు పైకొచ్చినాది. ఊపిరి ఆడదు, తలకాయ పగిలిపోతాది, తిన్నది నిలవదు. డాక్టరూ అదే చెప్పినాడు. ఇంగ నా పని అయిపోయినాది."

గని దుమ్ము జబ్బు అతనికి ఉన్న మాట నిజమే. మా ఊళ్ళో ఆ జబ్బు లేని ఇల్లు వెతకాలి. కానీ రాజమ్మ గనిలోకి ఎప్పుడూ దిగలేదు కదా. ఆమె తలకు గుడ్డ ఎందుకు?

"నాకేం లేదు సార్. ఆయన్ను చూసి చూసి బేజారు. నిద్ర లేదు. దానికే తలనొప్పి అన్నారు" అంది రాజమ్మ.

"మీ అమ్మాయికి?"

"దానికేం, ఆరామంగా ఉండాది. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి వస్తాది."

అప్పుడు నేను అడిగిన ప్రశ్న, అంతకుముందు ఆ ఇంటికొచ్చిన ఏ ఒక్కరూ అడగనిది. "మీరిద్దరూ ఈ మధ్య ఇల్లు వదిలి ఎక్కడికైనా పోయారా?"

శ్రీనివాసపురంలో రాజమ్మ తమ్ముడికి మామిడి తోట ఉంది. వాళ్ళ పిల్ల పెళ్ళికి పోయి కొన్నాళ్ళు ఉండి వచ్చారట. "అక్కడ ఈయన ఎట్లుండె?" అని అడిగితే రాజమ్మ ఆలోచనలో పడింది. "అక్కడ బాగానే తిన్నాడు సార్. తోటంతా తిరిగినాడు. నాకూ తలనొప్పి లేదు. పెండ్లి సంబరం కదా, దానికే అనుకుంటిమి. వాపసు వచ్చినాక మళ్ళా ఇదే కథ."

అంటే జబ్బు మనుషుల్లో కాదు, ఈ ఇంట్లో ఉంది.

ఊదుబత్తి ఎటు వంగింది

పొగ అంటే కళ్ళు మండించేది, దగ్గు తెప్పించేది అనుకుంటాం. అది మంచి పొగ. తాను వచ్చానని చెప్పి వస్తుంది. కట్టె సరిగ్గా కాలనప్పుడు పుట్టే విషవాయువు ఇంకొకటి ఉంది. కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన లేదు, రంగు లేదు. ముందు తలనొప్పి, తరువాత వాంతులు, నీరసం, మగత. ఎక్కువైతే ఆ మగతలోనే ప్రాణం పోతుంది.

రాజమ్మను అడిగి పూజ గూట్లోని ఊదుబత్తి ఒకటి తీసుకుని వెలిగించాను. మండుతున్న స్టవ్ వెనక, ఫైర్‌ప్లేస్ అంచు దగ్గర పట్టుకున్నాను. చిమ్నీ సరిగ్గా లాగుతుంటే ఊదుబత్తి పొగ లోపలికి పోవాలి. అది నా ముఖం మీదికి వచ్చింది. పక్కకు జరిపాను. మళ్ళీ నా మీదికే. చిమ్నీలోకి పోవాల్సిందంతా మునుస్వామి వాలుకుర్చీ వైపు మెల్లగా తిరిగి వస్తోంది. చలికని కిటికీలన్నీ బిగించారు. సందుల్లో పాత గుడ్డలు కూడా కుక్కారు.

కిటికీలు తెరిచేశాను. మునుస్వామిని పట్టుకుని లేపి వరండాలో కూర్చోబెట్టాను.

"చలిలో యాడికి సామీ?" అని రాజమ్మ గోల పెట్టింది.

"చలికి చావడమ్మా. లోపలుంటే చస్తాడు" అన్నాను. అంత కటువుగా అనకుండా ఉండాల్సింది అని ఎవరైనా అంటే ఒప్పుకోను. స్టవ్‌లో కట్టెలను బకెట్లోకి తీయించి పెరట్లో నీళ్ళు పోయించాను. ఇద్దర్నీ ఆ పూటే ఆసుపత్రికి పంపాను. ఈసారి డాక్టరుకు స్టవ్ సంగతి ముందుగా చెప్పమన్నాను.

చిమ్నీ లోపల

మరునాడు నిచ్చెన వేసుకుని పైకెక్కాను. వాన పడకుండా, పావురాలు దూరకుండా ఇంటి యజమాని ఎప్పుడో చిమ్నీ నోటి మీద ఒక బండ పరిచాడు. ఒక పక్క కాస్త సందు వదిలితే అందులో పావురాలు గూడు కట్టాయి. పోయే దారి అక్కడికే మూసుకుంది.

కిందికొచ్చి స్టవ్ జరిపి చూశాను. స్టవ్ నుంచి వచ్చిన రేకు గొట్టాన్ని చిమ్నీలోకి కాస్త దూర్చి అక్కడితో వదిలేశారు. చుట్టూ సందులో గోనెసంచి కుక్కి, మీద సిమెంటు మెత్తారు. గోనెసంచి! మంట గొట్టం పక్కన! సిమెంటు వేడికి బీటలిచ్చింది. గోనెసంచి అంచు కమిలి నల్లబడి ఉంది. ఇంకొన్నాళ్ళు ఉంటే ఈ ఇంటి కథ వేరేగా ముగిసేది.

పెద్ద మంట కోసం కట్టిన చిమ్నీ లోపల మనిషి పట్టేంత వెడల్పు. చిన్న స్టవ్ నుంచి వచ్చే కాస్త పొగ ఆ చల్లటి ఇటుక గుహలోకి పోయి, వేడి కోల్పోయి, పైకి ఎక్కే బలం లేక అక్కడే నిలిచిపోతుంది. చల్లారిన పొగ తారు లాంటి జిగట మసిగా మారి గోడలకు పడుతుంది. గోడ మీద శైలజ చూసిన మరక అదే. ఇటుకల మధ్య పాత సున్నం రాలిపోయి ఉంటే ఆ సందుల్లోంచి బయటికి కారుతుంది. ఆ తారుకు ఒకరోజు నిప్పు తగిలితే చిమ్నీ మొత్తం కొలిమి అవుతుంది. పైగా వీళ్ళు కాలుస్తున్నది తమ్ముడి తోట నుంచి తెచ్చుకున్న పచ్చి మామిడి కట్టె. కట్టె ఎక్కువసేపు నిలవాలని స్టవ్‌కు గాలి వచ్చే కంత బిగించేవాళ్ళట. తడి కట్టె, చాలని గాలి, మూసిన దారి. విషం వండటానికి ఇంతకంటే మంచి వంటకం లేదు.

రాజమ్మ పడుకునే వెనుక గదిలో ఇంకొక చిన్న ఫైర్‌ప్లేస్ ఉంది. దానికి ప్లైవుడ్ ముక్క అడ్డం కొట్టారు. టార్చి వేసి చూస్తే అదీ ఇదే చిమ్నీలోకి కలుస్తోంది. ఒకరి పొగ ఇంకొకరి మంచం పక్కకు.

"ఎవరు బిగించారు?" అని శైలజను అడిగాను.

"మీ కంపెనీ వాళ్ళే పంపించారు సార్. బజారులో రేకుల పని చేసే నాగరాజు" అంది.

మేనేజర్ చెప్పిన నీతి

బెంగళూరు ఆఫీసుకు వెళ్ళి అంతా చెప్పాను. మేనేజర్ కంప్యూటర్ మీది చూపు తిప్పలేదు.

"స్టవ్‌లో లోపముందా?"

"స్టవ్‌లో లేదు సార్. బిగించడంలో ఉంది. చిమ్నీ పైదాకా లోపల స్టీలు గొట్టం దింపాలి. మనం అది కొటేషన్‌లోనే పెట్టడం లేదు."

"పెడితే ధర చూసి కస్టమర్ పారిపోతాడు. అడిగినవాళ్ళకు ఇస్తాం. అడగనివాళ్ళకు మనమెందుకు చెప్పాలి? స్టవ్ మనది. చిమ్నీ వాళ్ళది."

అడగడానికి వాళ్ళకు తెలిస్తే కదా! మునుస్వామికి ఏం తెలుసు, రాజమ్మకు ఏం తెలుసు? ఇంత చదివిన శైలజకు మాత్రం ఏం తెలుసు? తెలిసినవాడు చెప్పకపోవడాన్ని వ్యాపారం అంటారని ఆరోజు నేర్చుకున్నాను.

"ఆ ఊళ్ళో మనం అమ్మిన ఇళ్ళన్నిటికీ వెళ్ళి, స్టవ్ వెలిగించొద్దని చెప్తాను" అన్నాను.

అప్పుడు చూపు తిప్పాడు. "అట్లా చెప్పాలనుకుంటే చెప్పుకోండి. మళ్ళీ ఇక్కడికి రావాల్సిన పని లేదు."

చెప్పడానికే బయల్దేరాను. మళ్ళీ అక్కడికి పోలేదు.

సరైన పని

ముందు మునుస్వామి ఇంటి పని. దీన్ని మాత్రం పిల్లలు జాగ్రత్తగా చదవండి.

చిమ్నీని మొదట పైనుంచి కిందిదాకా కడిగినట్టు శుభ్రం చేయాలి. బీటలు, రాలిన సున్నం, గోడలోకి దిగిన చెక్క దూలాలు ఉన్నాయేమో చూడాలి. స్టవ్‌లోంచి పొగ బయటికొచ్చే మూతి ఎంత ఉందో అంతే వెడల్పున్న స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాన్ని చిమ్నీ పైనుంచి దింపి, స్టవ్ మూతి దాకా ఒకే దారిగా తేవాలి. మామూలు రేకు తుప్పు పట్టి పోతుంది. ఆస్బెస్టాస్ గొట్టం వేడికి పగిలిపోతుంది. ఆ గొట్టం చుట్టూ వేడి నిలిపే పొర చుట్టాలి. పొగ వేడిగా ఉన్నంతసేపే పైకి పోతుంది. అతుకు వేసేటప్పుడు పై ముక్క కింది ముక్క లోపలికి దిగాలి. అప్పుడు తారు కారినా గొట్టంలోనే కారుతుంది. గొట్టం చుట్టూ మిగిలిన చిమ్నీ గొంతును ఇనుప పలకతో మూయాలి, గోనెసంచితో కాదు. పైన వాన పడకుండా టోపీ, పక్షులు దూరకుండా జల్లెడ పెట్టాలి. ఒక గొట్టానికి ఒకే స్టవ్. రెండో కంత ఉంటే ఇటుకతో కట్టేయాలి. స్టవ్ ముందు నేల మీద రాతి బండ ఉండాలి. దగ్గర్లో చెక్క అలంకారాలు ఉంటే తీసేయాలి. గదిలోకి బయటి గాలి వచ్చే కంత ఒకటి ఎప్పుడూ తెరిచే ఉండాలి. విషవాయువును పసిగట్టి కూత పెట్టే చిన్న పరికరం గోడకు తగిలించాలి. ఏడాదికొకసారి, చలికాలానికి ముందు, చిమ్నీ తుడిపించాలి. బాగా ఎండిన కట్టె తప్ప వేరేది వేయకూడదు.

ఇదే ఆ విద్య. ఇందులో రహస్యం ఏముంది?

మునుస్వామి ఆసుపత్రి నుంచి వచ్చి, పని అయ్యేదాకా శ్రీనివాసపురం తోటలో ఉన్నాడు. వాంతులు ఆగిపోయాయి. తలనొప్పి పోయింది. రాజమ్మ తలకు కట్టిన గుడ్డ విప్పేసింది. గని దుమ్ము జబ్బు గని దుమ్ము జబ్బుగానే ఉండిపోయింది. దాన్ని ఎవరూ తీసేయలేరు. కానీ దాని నెత్తిన ఎక్కి కూర్చున్నది దిగిపోయింది.

నాగరాజు ఇల్లు

ఆ పని జరుగుతుండగానే ఒక్కొక్క ఇల్లూ తిరిగాను. కొందరు విన్నారు. ఒకావిడ, "మాకు ఏమీ కాలేదు కదా, సుమ్నే, ఊరికే భయపెడతారేంటి" అని తలుపు వేసేసింది. నాకు లోపల మంట పెరుగుతూనే ఉంది. ఆ మంటంతా నాగరాజు మీద. గోనెసంచి కుక్కిన ఆ చేతులు చూడాలి, అతన్ని నాలుగు దులిపేయాలి అనుకుని వాళ్ళింటికి పోయాను. అతను ఉండేది గని కంపెనీ గుమస్తాల పాత క్వార్టర్‌లో. తలుపు తీసి ఉంది.

హాల్లో ఫైర్‌ప్లేస్ ముందు అదే స్టవ్. అదే రేకు గొట్టం. గొట్టం చుట్టూ అదే గోనె, అదే సిమెంటు. పక్కనే చాప మీద నాగరాజు తల్లి మంగమ్మ, నుదుటి మీద అమృతాంజనం రాసుకుని పడుకుని ఉంది.

నోట్లో సిద్ధం చేసుకున్న తిట్లు అక్కడే ఆగిపోయాయి. మోసగాడైతే తన తల్లి పక్కన పెట్టుకుంటాడా?

"ఏం సార్, అట్లా చూస్తాండారు?" అన్నాడు నాగరాజు.

జేబులోంచి ఊదుబత్తి తీసి వెలిగించి అతని చేతికే ఇచ్చి, పట్టుకోమన్నాను. పొగ అతని ముఖం మీదికి వచ్చింది. చెయ్యి అటు జరిపాడు, ఇటు జరిపాడు. మునుస్వామి ఇంటి సంగతంతా చెప్పాను. అతను వింటూ తల్లి వైపు చూశాడు.

"అమ్మా, నీకు తలనొప్పి ఎప్పుడినుంచి?"

"చలి మొదలైనప్పటినుంచి చెప్తానే ఉండాను కదరా. నువ్వు యాడ వింటివి."

నాగరాజు స్టవ్‌లో నిప్పంతా బకెట్లోకి తోడేశాడు. కిటికీలు తీశాడు. తల్లిని నడిపించుకుంటూ వరండాలోకి తెచ్చాడు. తరువాత లోపలికి పోయి ఆ గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని పీకాడు. సిమెంటు పెళ్ళలు, మసి, కమిలిన గోనె అతని నెత్తిన పడ్డాయి.

"ఎవురూ చెప్పలే సార్" అన్నాడు, నల్లబడిన ముఖంతో. "గొట్టం చిమ్నీలో పెడితే చాలు, మిగతాది చిమ్నీ చూసుకుంటాదన్నారు ఆఫీసులో. మంచి పని అనుకుని మా యమ్మకి కూడా పెట్టినాను."

నా కోపం పోలేదు. అది పడాల్సిన మనిషి మారాడంతే. ఏసీ గదిలో కూర్చుని "స్టవ్ మనది, చిమ్నీ వాళ్ళది" అన్నవాడి మీదికి మొత్తం తిరిగింది. ఆ కోపం ఈ రోజుకీ అక్కడే ఉంది.

ఆ తరువాత నేనూ నాగరాజూ కలిసే పనిచేశాం. అతను బిగించిన ప్రతి ఇంటికీ మళ్ళీ పోయి, పీకి, సరిగ్గా బిగించాం. నాకు తలుపు వేసేసిన ఆవిడ కూడా, బిగించినవాడే వచ్చి తప్పని చెప్తే తలుపు తీసింది.

మునుస్వామి కోపం

అన్నిటికంటే ముందు మునుస్వామి దగ్గరికి పోతానన్నాడు నాగరాజు. వద్దన్నాను. వినలేదు. తోట నుంచి వాళ్ళు తిరిగి వచ్చిన రోజు ఇద్దరం వెళ్ళాం. మునుస్వామి వరండాలో ఎండలో కూర్చుని ఉన్నాడు. నాగరాజు మెట్ల కిందే నిలబడి, తల ఎత్తకుండా, "అన్నా, ఆ పొయ్యి బిగించింది నేను" అన్నాడు.

మునుస్వామి నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

"నువ్వా?" అన్నాడు. "నువ్వారా? చస్తాండానని నా పెండ్లానికి అప్పగింతలు పెట్టేసినాను రా! నా కూతురికి చెప్పాల్సిందంతా చెప్పేసినాను! భూమి అడుగున అన్నేండ్లు పనిచేసి, బండలు పడినా బతికి పైకొచ్చినోణ్ణి, నా సొంత కుర్చీలో కూర్చోబెట్టి చంపుతావా? గోనెసంచి పెట్టేదానికి అది వడ్ల బస్తానా? మంట కాడ గోనె పెడతారని నీకు ఎవుడు చెప్పినాడు? వాని పేరు చెప్పు, వాణ్ణి కూడా పిలిపించు! నా తలకాయ పగిలిపోతాంటే, నా పాపమే అనుకుని ఊరకే పడుకోనుంటిని కదరా..."

గొంతు వీధి మలుపు దాకా వినిపించింది. పోయేవాళ్ళు ఆగి చూశారు. కేజ్ దగ్గర నిలబడి షిఫ్ట్ మొత్తాన్నీ సర్దిన గొంతు అది. నాగరాజు కదలకుండా నిలబడి వింటున్నాడు. మధ్యలో సర్దిచెప్దామని నేను ఒక అడుగు వేశాను. రాజమ్మ గడప దగ్గర నుంచి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. నవ్వుతోంది.

"ఆపొద్దు సార్" అంది. "తిట్టనీ. ఎన్నాళ్ళయినాదో ఆయన నోట ఇంత పొడుగు మాట విని."

మునుస్వామి ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగాడు. నిండుగా పీల్చుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు.